దూరపు కొండ: నల్లగొండ పోరాటం, రాజధానుల అంచనాలు

ఎక్కడో దూరాన జరిగే యుద్ధం గురించి నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లు ముందుగా దాన్ని తమకు తెలిసిన మరో యుద్ధంతో పోల్చుకుంటారు. ఆ పోలిక నుంచి అంచనా, అంచనా నుంచి విధానం పుడతాయి. చరిత్రకారుడు ఎర్నెస్ట్ మే 1973లో, రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జెర్విస్ 1976లో, యూయెన్ ఫూంగ్ ఖోంగ్ 1992లో ఈ విషయం మీదే పెద్ద గ్రంథాలు రాశారు. మ్యూనిక్ అనుభవాన్ని కొరియాకు, కొరియా అనుభవాన్ని వియత్నాంకు అన్వయించి అమెరికా ప్రభుత్వం ఎలా లెక్క తప్పిందో ఆ పరిశోధనలు చూపించాయి. తెలుగు నేల మీద ఇలాంటి ఉదాహరణ కావాలంటే 1946 నుంచి 1951 వరకు నల్లగొండ జిల్లా కేంద్రంగా సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని చూడాలి. హైదరాబాదు కోట నుంచి, ఢిల్లీ నుంచి, లండన్, పారిస్, మాస్కోల నుంచి ఆ పోరాటాన్ని చూసినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో యుద్ధాన్ని చూశారు. దూరపు కొండలు నునుపు అంటారు. ఈ కొండ విషయంలో ఆ నునుపుకు ఊళ్లు ప్రాణాలతో ధర చెల్లించాయి.

పోలికలు కాసేపు పక్కన పెట్టి, నేల మీద ఉన్నదేమిటో చూడాలి. నిజాం రాజ్యంలో సుమారు అరవై శాతం భూమి ప్రభుత్వ రెవెన్యూ వ్యవస్థ అయిన దివానీ కింద, ముప్పై శాతం జాగీర్ల కింద ఉండేది. మిగిలిన పది శాతం నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫ్-ఏ-ఖాస్. దివానీ గ్రామాల్లో శిస్తు వసూలు హక్కులు పొందిన దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు భూమి కొలతలు జరిగినప్పుడు వేలాది ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ జిల్లాల్లో ఐదు వందల ఎకరాలకు మించి భూమి ఉన్న పట్టాదారులు సుమారు 550 మంది అనీ, సాగు భూమిలో అరవై నుంచి డెబ్బై శాతం వాళ్ల చేతిలోనే ఉండేదనీ పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో లెక్క చెప్పారు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి అరవై ఊళ్లలో నలభై వేల ఎకరాలు ఉండేవని చెబుతారు. దొర గడీలో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ అందరూ కూలి లేకుండా వెట్టి చేయాలి. యుద్ధకాలంలో దీనికి తోడు లేవీ ధాన్యం వచ్చిపడింది.

పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలుకు దున్నుకున్న పొలంలోని పంటను విసునూరు దొర మనుషులు కోసుకుపోబోతే సంగపోళ్లు, అంటే జనం ‘సంగం’ అని పిలిచిన ఆంధ్ర మహాసభ వాళ్లు, అడ్డుపడి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీ గుండుకు దొడ్డి కొమురయ్య చనిపోయాడు. ఈ ఊళ్లున్న జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోది. గుత్పలు, వడిసెలలు పట్టుకుని మొదలైన తిరుగుబాటు ఏడాది దాటేసరికి తుపాకీ పట్టింది. 1947 సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

కోటలోని అంచనాలు

నల్లగొండకు హైదరాబాదు వంద కిలోమీటర్ల దూరమే. అయినా ఆ కొద్ది దూరం నుంచి చూసినవాళ్ల అంచనాలే ఎక్కువగా తప్పాయి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి బ్రిటిష్ ప్రభుత్వం ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అనే బిరుదు ఇచ్చింది. ఆ బిరుదుకు 1947 తర్వాతా విలువ ఉంటుందని ఆయన నమ్మారు. న్యాయ సలహాదారుగా వాల్టర్ మాంక్టన్ ఉన్నారు. లండన్‌లో, కరాచీలో ఏజెంట్లున్నారు. 1947 నవంబర్ 29న భారత ప్రభుత్వంతో కుదిరిన యథాతథ ఒప్పందం ఏడాదిపాటు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చింది. ఆ వ్యవధిలో ప్రధానిగా వచ్చిన లాయక్ అలీ ప్రభుత్వం తన దగ్గరున్న భారత ప్రభుత్వ సెక్యూరిటీలలో ఇరవై కోట్ల రూపాయల విలువైనవి పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. ఆస్ట్రేలియా విమాన చోదకుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు మోసుకొచ్చాడు.

ఈ పనులన్నిటి వెనుక నాలుగు నమ్మకాలు కనిపిస్తాయి. కాశ్మీర్‌లో చిక్కుకున్న భారత సైన్యం దక్కన్‌కు రాలేదన్నది మొదటిది. వచ్చినా మత కల్లోలానికి భయపడి ఢిల్లీ వెనకాడుతుందన్నది రెండోది. ఐక్యరాజ్య సమితి అడ్డుపడేదాకా తమ సైన్యం నిలబడుతుందన్నది మూడోది. నాలుగోది ఎవరూ పైకి చెప్పలేదు గానీ అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే: ఊళ్లు తమ వెంటే ఉన్నాయి, లేదా ఊళ్లతో పని లేదు.

ఆ నాలుగో నమ్మకం ఫలితాన్ని నల్లగొండ అనుభవించింది. గ్రామాలు చేజారుతుంటే కాశిం రజ్వీ నాయకత్వంలోని ప్రైవేటు సేన అయిన రజాకార్లు, నిజాం పోలీసులు వాటి మీద పడ్డారు. ప్రతి దాడి తర్వాత మరో ఊరు సంగం వైపు తిరిగింది. 1948 మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. భారత యూనియన్‌కు వ్యతిరేకంగా వాళ్లు ఎంతోకొంత పనికొస్తారని కోట ఆశపడి ఉండవచ్చు. ఊళ్లలో కమ్యూనిస్టు దళాలూ రజాకార్లూ మాత్రం ఎప్పటిలాగే ఒకరినొకరు చంపుకుంటూనే ఉన్నారు.

ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సరిగ్గా ఆరు రోజులకు, ఆగస్టు 27న, ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడి గ్రామస్థులను వరుసగా నిలబెట్టి కాల్చారు. తాను పరాయి దురాక్రమణకు బలి కాబోతున్నానని ప్రపంచానికి చెప్పుకుంటున్న ప్రభుత్వం సొంత ప్రజల మీద ఈ పని చేస్తోంది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే కోటకూ ఊరికీ మధ్య దూరం ఎంతో తెలుస్తుంది.

లండన్, పారిస్

బ్రిటన్‌లో ప్రతిపక్ష నాయకుడు చర్చిల్ 1948 జూలై చివర కామన్స్ సభలో హైదరాబాదు పక్షం వహించి మాట్లాడారు. ఆయన కళ్లకు కనబడినది సామ్రాజ్యానికి అండగా నిలిచిన పాత సంస్థానం. ప్రధాని అట్లీ మాత్రం జోక్యానికి సిద్ధపడలేదు. మౌంట్‌బాటెన్ జూన్‌లోనే భారతదేశం వదిలి వెళ్లారు. ఆయన వెళ్లే ముందు తయారైన రాజీ ముసాయిదాను నిజాం పక్షం తిరస్కరించింది. ఇంతకంటే మంచి బేరం కుదురుతుందన్న అంచనాతో వదులుకున్న ఆ ముసాయిదా లాంటిది వాళ్లకు మళ్లీ దొరకలేదు.

భద్రతా మండలి పారిస్‌లో ఈ ఫిర్యాదును చేపట్టేసరికి సెప్టెంబర్ 16 వచ్చింది. హైదరాబాదు ప్రతినిధి మొయిన్ నవాజ్ జంగ్, భారత ప్రతినిధి ఆర్కాటు రామస్వామి ముదలియార్. అసలు హైదరాబాదు ఒక దేశమేనా, మండలికి రాగల అర్హత దానికి ఉందా అన్నదాని మీదే వాదం నడిచింది. ఆ వాదంలో నల్లగొండ రైతుకు చోటు లేదు. మర్నాడు సాయంత్రానికి నిజాం లొంగిపోయారు. కొద్ది రోజులకు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్లు ఆయన పేరున తంతి వెళ్లింది.

ఢిల్లీ పెట్టిన పేరు

ఢిల్లీ ఈ వ్యవహారాన్ని విదేశీ వ్యవహారంగా ఒప్పుకోలేదు. హైదరాబాదు ఫైళ్లు సర్దార్ పటేల్ కింద ఉన్న రాష్ట్రాల మంత్రిత్వ శాఖలో ఉండేవి. సైనిక దాడికి ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టడంలోనూ ఆ భావనే ఉంది: ఇది దేశంలోపలి శాంతిభద్రతల సమస్య. సైన్యం తనలో తాను దాన్ని ‘ఆపరేషన్ పోలో’ అంది. సెప్టెంబర్ 13న ఒక దండు షోలాపూర్ నుంచి, మరొకటి బెజవాడ నుంచి బయలుదేరాయి. బెజవాడ దండు కోదాడ దాటి సూర్యాపేట మీదుగా వచ్చింది. వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం మూసీ మీది వంతెనను పేల్చింది గానీ, దాన్ని కాపాడుకునేందుకు కాల్పులు జరపలేదు. యూనియన్ మిలిటరీ వంతెనను త్వరగానే బాగు చేసుకుని నార్కట్‌పల్లి వైపు కదిలింది. మహా అయితే మూడు వారాలు పట్టవచ్చని అనుకున్న పని ఐదు రోజుల్లో ముగిసింది.

ఇక్కడ ఒక చిన్న భౌగోళిక విశేషం చెప్పుకోవాలి. కోదాడకు పక్కనున్న మునగాల పరగణా నాలుగు వైపులా నిజాం నేల ఉన్నా, పాలనలో మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాలోది. అంటే నల్లగొండ నడుమ యూనియన్ భూభాగం ఒక ద్వీపంలా ఉండేది. పొలం గట్టు దాటితే మరో ప్రభుత్వం, మరో పోలీసు, మరో చట్టం. నిజాం పోలీసుల నుంచి తప్పించుకోవాల్సినవాళ్లకు ఇలాంటి సరిహద్దులు ఎంతో ఆసరా అయ్యాయి. పరగణా నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో. సరిహద్దు అనే మాటకు ఢిల్లీలో ఉన్న అర్థం వేరు, మునగాల పొలాల్లో ఉన్న అర్థం వేరు.

పోలీసు చర్యతో అంతా సద్దుమణుగుతుందన్న ఢిల్లీ అంచనా రెండు చోట్ల దెబ్బతింది. ఒకటి, రాజ్యానికి పడమటి జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన ప్రతీకార హత్యాకాండ. పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 చివర ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వంటి జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నివేదించింది. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. విజయం ఎంత తొందరగా వచ్చిందో లెక్కపెట్టినవాళ్లు ఈ లెక్కను కూడా దాని పక్కనే రాసి ఉండాల్సింది.

రెండోది నల్లగొండ. రజాకార్లు పోయాక దళాలు ఆయుధాలు అప్పగిస్తాయని మిలిటరీ గవర్నర్ జె. ఎన్. చౌధురి ప్రభుత్వం ఆశించింది. దళాలు అప్పగించలేదు. నిజాంను ఐదు రోజుల్లో లొంగదీసిన సైన్యం ఇక్కడ మూడేళ్లు ఉండిపోయింది. ఊళ్లు వదిలి పట్నం పారిపోయిన దొరలు గాంధీ టోపీ పెట్టుకుని పోలీసుల వెంట గడీలకు తిరిగొచ్చారని ఆ తరం చెప్పుకున్న మాట ఊరికే పుట్టలేదు. పోరాటకాలంలో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ చెప్పుకుంది. ఆ అంకె సంగతి ఎలా ఉన్నా, చేతికొచ్చిన చెలక మళ్లీ దొరకు పోతుందన్న భయం రైతుది. ఢిల్లీ చూసింది చైనా నుంచి పాకుతున్న కమ్యూనిజాన్ని. తన పేర పట్టా కావాలన్న రైతు కోరిక ఆ చూపుకు చాలాకాలం ఆనలేదు.

యెనాన్ అనుకున్నవాళ్లు

పొరపాటు అంచనాలు పాలకుల సొత్తే అనుకోవడం న్యాయం కాదు. 1948 మే నెలలో ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం పార్టీ కేంద్రానికి పంపిన పత్రంలో చైనా మార్గాన్ని ఆదర్శంగా పెట్టుకుంది. నెహ్రూ ప్రభుత్వం చాంగ్ కై షేక్ ప్రభుత్వం లాంటిదనీ, తెలంగాణ చైనా కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్‌కు భారతదేశపు ప్రతిరూపమనీ అనుకున్నవాళ్లు ఉన్నారు. అప్పటి ప్రధాన కార్యదర్శి బి. టి. రణదివే దీనికి ఒప్పుకోక, రష్యా తరహాలో పట్టణాల సార్వత్రిక సమ్మెల మీద ఆశ పెట్టుకున్నారు. ఒకరు చైనాను, మరొకరు రష్యాను నల్లగొండ మీద పరిచి చూశారు. పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకరైన, భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి యూనియన్ సైన్యాలు వచ్చాక పోరాటం ఆపాలన్నారు. ఊళ్లో జనం యూనియన్ సైన్యాన్ని రజాకార్ల నుంచి విడిపించిన సైన్యంగా చూశారన్నది ఆయన పక్షం వాదన. ఆ జిల్లా మనిషి చెప్పిన ఆ మాట పార్టీలో నెగ్గడానికి మూడేళ్లు పట్టింది.

నెగ్గడానికి ముందు అది మాస్కో చుట్టి రావాల్సి వచ్చింది. 1949లో సోవియట్ ప్రాచ్య పండితులు తెలంగాణను భారత వ్యవసాయ విప్లవానికి తొలి సంకేతంగా పొగిడారు. 1950 జనవరి చివర కమ్యూనిస్టు పార్టీల అంతర్జాతీయ సమాచార సంస్థ కామిన్‌ఫాం పత్రిక సంపాదకీయం రణదివే పంథాను కుదిపింది. చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. అయినా తగువు తెగలేదు. నలుగురు నాయకులు, డాంగే, అజయ్ ఘోష్, రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, రహస్యంగా సోవియట్ దేశం చేరారు. 1951 ఫిబ్రవరి 9న వాళ్లు స్టాలిన్‌తో మాట్లాడిన మాటల నమోదు తర్వాతి కాలంలో వెలుగు చూసింది.

ఆ సంభాషణలో స్టాలిన్ చైనాకూ ఇండియాకూ తేడా చూపించారు. చైనా విమోచన సైన్యం మంచూరియా చేరాక దాని వెన్నంటి సోవియట్ భూభాగం ఉంది. ఇండియా గెరిల్లాలకు అలాంటి వెన్నుదన్ను ఏదని అడిగారు. చైనాలో లేనన్ని రైలు మార్గాలు ఇండియాలో ఉన్నాయి కాబట్టి ఏ గెరిల్లా ప్రాంతాన్నయినా సైన్యం తేలిగ్గా చుట్టుముట్టగలదన్నారు. పోరాటంలో ఉన్నవాళ్లను అడిగి, పటం చూసి మాట్లాడిన మాటలివి. పోలికతో మొదలుపెట్టి, ఆ పోలిక ఎక్కడ తెగుతుందో వెతికిన నాయకుడు ఈ కథలో ఆయన ఒక్కరే కావడం గమనించాలి.

అయితే ఆయన పటం కూడా సగమే నిజం. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా జిల్లా ఉత్తరపు అంచును తాకుతూ పోయేది. మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు మీటర్ గేజ్ ఉండేది. నల్లగొండ పట్నానికి మాత్రం అప్పట్లో రైలే లేదు. బీబీనగర్ నుంచి నడికుడి వెళ్లే మార్గం దశాబ్దాల తర్వాత వచ్చింది. సైన్యం బెజవాడ రోడ్డు మీద లారీల్లో వచ్చింది. దళాలకు అసలు ఇబ్బంది రాళ్ల గుట్టలు, చెలకలు, తుమ్మ పొదలు తప్ప దాగడానికి దట్టమైన అడవి లేకపోవడం. అందుకే అవి తూర్పున గోదావరి అడవులకు, దక్షిణాన దేవరకొండ దాటి మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ నల్లమలకు జరిగాయి. అక్కడి చెంచుల బతుకు, సూర్యాపేట తాలూకా కౌలుదారు బతుకు ఒకటి కావు. పోరాటం ఊరు మారింది, దాంతోపాటు బలమూ తగ్గింది.

స్టాలిన్ సలహాకు మరో కారణం కొరియా అని పలువురు చరిత్రకారులు చెబుతారు. 1950 జూన్‌లో మొదలైన ఆ యుద్ధంలో నెహ్రూ ఏ పక్షానా చేరక మధ్యవర్తిగా నిలిచారు. అలాంటి ప్రభుత్వాన్ని కూల్చే తిరుగుబాటుకు ఊతమివ్వడం మాస్కోకు ఇక లాభం కాదు. అలా కొరియా కొండల్లోని యుద్ధం నల్లగొండ గుట్టల్లోని యుద్ధం భవితవ్యాన్ని కొంత తేల్చింది. ఆ సంగతి దళంలో ఉన్న యువకుడికి తెలిసే వీలు లేదు.

పాలమూరు మాట ఎవరు చెప్పారు

పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లా భూస్వామ్యంలో నల్లగొండకు తీసిపోదు. వనపర్తి, గద్వాల వంటి పెద్ద సంస్థానాలు అక్కడివే. అయినా సంగం అక్కడ అంత బలంగా వేళ్లూనలేదు. యూనియన్‌లో కలవాలన్న స్టేట్ కాంగ్రెస్ ఉద్యమం అక్కడ బలమైనది. 1947 అక్టోబర్ 7న ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో నిజాం పోలీసుల కాల్పుల్లో ఉద్యమకారులు చనిపోయారు. ఢిల్లీకి పరిచయమైన తెలంగాణ గొంతులు ఎక్కువగా ఈ వైపువి. బూర్గుల రామకృష్ణారావు న్యాయవాది, ఆ జిల్లా మనిషి. 1950లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి వెల్లోడి ప్రభుత్వంలో మంత్రి, 1952లో తానే ముఖ్యమంత్రి. వనపర్తి రాజా జె. రామేశ్వరరావు నెహ్రూ కాలపు విదేశాంగ సేవలో చేరి ఆఫ్రికాలో దౌత్యవేత్తగా పనిచేసి, 1957 నుంచి పార్లమెంటు సభ్యుడయ్యారు. చదువుకున్న, ఇంగ్లీషు తెలిసిన ఈ తరం మాట ఢిల్లీకి చేరింది. జనగామ, హుజూర్‌నగర్ తాలూకాల గొంతు పోలీసు నివేదికగా మారి చేరింది. విధానకర్త అంచనా ఎలా ఉంటుందన్నది అతడికి ఎవరి మాట వినబడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. బూర్గుల రెవెన్యూ మంత్రిగా ఉన్నప్పుడు 1950 కౌలుదారీ చట్టం రావడం మాత్రం ఆయన ఖాతాలో గట్టిగా రాయాలి. అంతకుముందే, 1949 ఆగస్టులో, జాగీర్ల రద్దు జరిగింది.

ఇదే సమయంలో మరో మనిషి నల్లగొండకు నడిచి వచ్చారు. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని బయలుదేరిన వినోబా భావే 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. మీకేం కావాలని అక్కడి దళితులను అడిగారు. ఎనభై ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. యాభై ఒక్క రోజుల తెలంగాణ యాత్రలో సుమారు పన్నెండు వేల ఎకరాల దానం పోగైంది. దళాలు పంచామన్న లెక్క పక్కన అది చాలా చిన్నది, చేతికొచ్చిన భూమి ఇంకా చిన్నది. కానీ ఆ అడగడం పెద్ద విషయం. రాజధానుల నుంచి నివేదికలు తెప్పించుకున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న అదే. అదే ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీ వచ్చిన అమెరికా రాయబారి చెస్టర్ బోల్స్ కూడా భూమి సమస్య తేలకపోతే ఇండియా చైనా బాటలో పోతుందని వాషింగ్టన్‌కు నచ్చజెప్పే పనిలో పడ్డారు. ఆయనకూ చైనాయే కొలత. అయితే ఆ కొలతతో ఆయన చూసింది భూమిని.

ఆ అక్టోబర్‌లోనే కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. పోరాటంలో నాలుగు వేల మంది చనిపోయారని సుందరయ్య రాశారు. కొద్ది నెలలకే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద మళ్లీ నిషేధం అమల్లో ఉన్నందున అభ్యర్థులు ప్రజాస్వామ్య ఫ్రంట్ పేరున నిలబడ్డారు. శాసనసభలోని 175 స్థానాల్లో 42 గెలిచారు. ఇద్దరు సభ్యుల్ని ఎన్నుకునే నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. దేశంలో మరెవరికీ, నెహ్రూకు కూడా, అన్ని ఓట్లు రాలేదు. అదే ఎన్నికల్లో మహబూబ్‌నగర్ జిల్లా కాంగ్రెస్ వైపు మొగ్గింది. పక్కపక్కనున్న రెండు జిల్లాలు, ఒకే నిజాం, ఒకే దొరతనం, రెండు తీర్పులు. ఈ తేడాను వివరించే సూత్రం ఢిల్లీ దగ్గరా లేదు, మాస్కో దగ్గరా లేదు.

భద్రతా మండలి చేపట్టిన విషయాల జాబితాలో ‘హైదరాబాదు ప్రశ్న’ 1949 మే నెల చర్చ తర్వాత కూడా ఏళ్ల తరబడి మిగిలిపోయింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్లలో మిగిలిన ప్రశ్న మరొకటి. 1950 చట్టం కౌలుదారుకు ‘రక్షిత కౌలుదారు’ అని పేరు పెట్టింది, దానికి తర్వాత చేర్చిన 38-ఇ సెక్షన్ ఆ భూమి మీద యాజమాన్య హక్కుకు దారి తెరిచింది. తాతకు 38-ఇ పత్రం వచ్చిందా లేదా అని, 1954-55 ఖాస్రా పహాణీలో పేరు ఎవరిదని, మనవలు ఆ కాగితాలు పట్టుకుని తహసీల్ కచేరీల్లో, కోర్టుల్లో తిరుగుతున్నారు.